మీటర్ ఆగాక మొదలయ్యే చదువు

కందుకూరులో తెలిసినవాళ్లు ఎవరు ఎదురుపడ్డా మా మేనల్లుడి గురించి అడిగేది ఒక్కటే. "ఎన్ని గంటలయినాయంట?" వాడు అమెరికాలో హెలికాప్టర్ నేర్చుకుంటున్నాడు. అందుకోసం మా బావ ఉలవపాడు దగ్గరి మామిడి తోట అమ్మాడు. (కొన్నప్పుడు ఆ తోట ప్రకాశం జిల్లాలో ఉంది, అమ్మేనాటికి నెల్లూరు జిల్లాలో ఉంది. చెట్లు మాత్రం ఎక్కడివక్కడే.) తోట అమ్మిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి గంటల లెక్క కూడా అందరికీ కావాలి.

అడగడంలో తప్పేం లేదు. లైసెన్సు ఇచ్చేవాళ్లూ అదే అడుగుతారు. కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సుకు మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 150 గంటలు చూపించమంటుంది, అమెరికాలోనూ అంతే. స్కూళ్ల ప్రకటనల నిండా గంటల ప్యాకేజీలే. ఆ గంటల్లో ఏం నేర్పారు, ఎవరు నేర్పారు, నేర్పినవాడికి అసలు నేర్పడం వచ్చా అన్న ప్రశ్న మాత్రం తోట అమ్మినవాళ్లూ వేయరు, కొన్నవాళ్లూ వేయరు. నాకు బలంగా అనిపించేది ఏమిటంటే, హెలికాప్టర్ విద్యార్థికి దక్కే అసలు చదువు ఇంజను ఆపేశాక పక్కన కూర్చుని మాట్లాడే మాటల్లో ఉంటుంది. ఆ మాటలకు ఎవరూ డబ్బులివ్వరు. అందుకే ముందు ఎగిరిపోయేవి అవే.

నేను పైలట్‌ను కాను. ఆర్టీసీలో చాలాకాలం కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇచ్చాను. బస్సులు నేర్పినవాడు హెలికాప్టర్ల మీద తీర్పులేమిటని మీరు అంటే కాదనను. రోటర్ (పైన తిరిగే రెక్కలు) గురించి ఇక్కడ రాసేదంతా చదివి, మా మేనల్లుణ్ణి విసిగించి తెలుసుకున్నది. నేర్పడం గురించి రాసేది మాత్రం నా సొంతం.

మూడు చేతిరాతలు

సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు తన లాగ్‌బుక్ చూపించాడు. పొడవాటి పుస్తకం, సన్నటి గళ్లు. తేదీ, హెలికాప్టర్ రకం, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంతసేపు. 1.1, 1.2, 0.9 అని అంకెలు. హెలికాప్టర్‌లో హాబ్స్ మీటర్ అని ఒకటుంటుంది. ఇంజను నడిచినంతసేపూ గంటను పది భాగాలు చేసి లెక్కపెడుతుంది. అంటే ఆరు నిమిషాలకు ఒక అంకె కదులుతుంది. విద్యార్థి బిల్లు దాన్నిబట్టే. ఆ స్కూల్లో బోధకుడి సంపాదన కూడా దాన్నిబట్టే.

చివరి గడి రిమార్కులది. మొదటి పేజీల్లో ఒకే చేతిరాత: నార్మల్ టేకాఫ్, హోవర్ (గాల్లో ఒకేచోట నిలబెట్టడం), నార్మల్ అప్రోచ్ (దిగడానికి నేలకు దగ్గరపడటం). ఆ కింద వరసగా పైదే అన్న గుర్తులు, కింద దాకా. తర్వాత చేతిరాత మారింది, మాటలు మారలేదు. మొదటి బోధకుడు వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడట. రెండో ఆయన వచ్చి, నీకెంత వచ్చో ముందు చూడాలని మొదటి నుంచీ మళ్లీ చేయించాడు. ఆ చూడటానికైన ఖర్చూ మనదే. ఆయన కూడా కొన్నాళ్లకు వెళ్లిపోయాడు.

మూడో చేతిరాత దగ్గర నేను ఆగిపోయాను. అక్షరాలు చిన్నవి, గడి దాటి అంచులోకి పాకాయి. గాలి కుడివైపు నుంచి, తోక జారింది, జారబోతున్నదని ముందుగా పసిగట్టలేదు, రేపు ఇదే మళ్లీ. ఇంకో చోట: ఎత్తు బాగానే పట్టుకున్నాడు, కానీ చూపు దగ్గరే ఉంది, దూరంగా చూడాలి. అలాంటి నాలుగు పేజీలు చదివితే మా వాడికి ఏం వచ్చో ఏం రాదో హెలికాప్టర్ ముఖం ఎరగని నాకే తెలిసిపోయింది. మొదటి రెండు చేతిరాతల పేజీలు ఎన్ని తిప్పినా వాడు డబ్బు కట్టాడన్న సంగతి తప్ప ఏమీ తెలియలేదు.

"ముందు వాళ్లు ఎట్టా చెప్పేవాళ్లురా?" అని అడిగాను.

"చెప్పేదేముంది మామా. నా చెయ్యి తప్పు పోతానే కంట్రోల్స్ లాక్కునేవాళ్లు. సరిచేసి మళ్లీ ఇచ్చేవాళ్లు. దిగినాక ఇంకో స్టూడెంట్ రెడీగా ఉంటాడు."

ఈ లాక్కోవడం నాకు బాగా తెలిసిన జబ్బు. శిక్షణ బండిలో నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉండేది. ఆత్మకూరు రోడ్డు మలుపులో కుర్రాడు ఆలస్యం చేస్తున్నప్పుడు నేను తొందరపడి నొక్కితే, తాను తప్పు చేశానన్న సంగతి వాడికి తెలియనే తెలియదు. మరీ ఆగితే ఇద్దరం కాలవలో ఉంటాం. ఆ రెండింటి మధ్య ఎంతవరకు ఆగాలో తెలియడమే మా పని. బండి షెడ్డుకొచ్చాక ఫుట్‌బోర్డు మీద కూర్చుని "అక్కడ నీకేం కనపడింది?" అని అడగడం అందులో మిగతా సగం. హెలికాప్టర్‌లో ఆ మధ్య కాలం ఇంకా చిన్నది. హోవర్‌లో సైక్లిక్‌ను (బండిని ముందుకూ వెనక్కీ పక్కలకూ నడిపే కర్ర) వేలెడంత కదిపితే చాలు, బండి ఎటో వెళ్లిపోతుంది. కొత్తవాడు దాన్ని ఆపబోయి రెండింతలు ఎదురు తోస్తాడు. బోధకుడికి ఆ క్షణంలో చెయ్యి ఆపుకోవాలంటే తన నైపుణ్యం మీద ఎంతో ధీమా ఉండాలి. రెండొందల గంటలవాడికి ఆ ధీమా ఎక్కడినుంచి వస్తుంది?

ఒక సెకను లెక్క

రెండొందలు అన్నది ఊరికే అనలేదు. శిక్షణలో ఎక్కువగా కనిపించే రెండు సీట్ల బండి రాబిన్సన్ ఆర్22. 1979లో దానికి అనుమతి వచ్చింది. సొంతంగా తిరగడానికని తయారుచేసిన బండి, చవక కావడంతో స్కూళ్ల పాలైంది. దాని రెక్కలు తేలిక. ఇంజను ఆగితే ఎడమచేతిలోని కలెక్టివ్‌ను (బండిని పైకీ కిందికీ నడిపే లివర్) వెంటనే కిందికి దించాలి. అప్పుడు కిందినుంచి వచ్చే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, ఆ తిరుగుడుతోనే నేలకు దిగవచ్చు. దాన్నే ఆటోరొటేషన్ అంటారు. ఆర్22లో ఆ దించడానికి దొరికే వ్యవధి సుమారు ఒకటి, ఒకటిన్నర సెకను. రెక్కల వేగం 80 శాతం చుట్టుపక్కలకు పడిపోయిందా, గాలి పట్టు తప్పుతుంది. ఇక తిరిగి తెచ్చుకునే దారి లేదు.

ఇలాంటి ప్రమాదాలు వరసగా జరిగాక 1995లో అమెరికా ఈ బండ్లకు ప్రత్యేక నిబంధన తెచ్చింది. ఆర్22లో నేర్పేవాడికి హెలికాప్టర్ల మీద కనీసం 200 గంటలుండాలి, అందులో 50 ఆ రకం మీద. ఇంకోటి కూడా పెట్టారు. విద్యార్థి కంట్రోల్స్ ముట్టుకోకముందే రోటర్ వేగం పడిపోవడం లాంటి ప్రమాదాల గురించి నేల మీదే అతనికి చెప్పాలి. నాకు ఈ రెండోది నచ్చింది. మీటర్ తిరగకముందు జరిగే చదువు ప్రాణం కాపాడుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

మరి మా వాడికి ఆ చదువు ఎట్లా చెప్పారు? కాగితాలు చేతిలో పెట్టారట. చదువుకుని రమ్మన్నారు. మర్నాడు "చదివావా?" అంటే చదివానన్నాడు. లాగ్‌బుక్‌లో సంతకం పడింది. నిబంధన ప్రకారం అంతా సక్రమమే. స్కూలు పేరు రాయను, దాని పక్క స్కూలు ఇంతకంటే మెరుగని నాకేం నమ్మకం లేదు.

ఆటోరొటేషన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ కమర్షియల్ పరీక్షలో నేల దగ్గరికి వచ్చి ఇంజను శక్తి తిరిగి తీసుకుంటే సరిపోతుంది. నిజంగా నేల తాకేదాకా చేసి చూపించమని అడిగేది బోధకుడు కాబోయేవాడినే. అతనికి కూడా నేర్పిన బోధకుడు చేయించినట్టు సంతకం పెడితే పరీక్షలో మినహాయింపు దొరుకుతుంది. అంటే చేతిలో లైసెన్సు ఉండి, చివరి పది అడుగులు ఎప్పుడూ ఇంజను లేకుండా దిగని పైలట్లు బోలెడుమంది.

దీన్ని చదివి నాకు ఒళ్లు మండింది. మూడో బోధకుడు మాత్రం ఇంకో మాట చెప్పాడట. నేల దాకా చేయించబోయి స్కూళ్లలో తోకలు విరిగిన బండ్లు ఆయన చాలా చూశాడు. అసలు ఇంజను ఆగేది ఎప్పుడో. దానికి సిద్ధం చేయడానికి రోజూ బండినీ పిల్లవాణ్ణీ పణంగా పెట్టడం సబబా అని ఆయన ప్రశ్న. కాదనడానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన చేసేది వేరే: ఎగురుతున్నప్పుడు ఉన్నట్టుండి "ఇప్పుడు ఆగితే ఎక్కడ దింపుతావు?" అని అడుగుతాడు. జవాబు ఆలస్యమైతే ఏమీ అనడు. దిగాక తెల్లకాగితం మీద ఆ చోటు బొమ్మ వేయిస్తాడు. కరెంటు తీగలు ఎటున్నాయి, గాలి ఎటునుంచి, ఆ పొలంలో నీళ్లున్నాయా. బొమ్మ వేయడానికి అరగంట. ఆ అరగంటకు బిల్లు లేదు.

కుర్ర బోధకుల తరఫున

ఇంతవరకు చదివి నేను కుర్ర బోధకులను తిడుతున్నానని అనుకోవచ్చు. నిజానికి వాళ్ల మీద నాకు జాలే. అక్కడ పద్ధతి ఏమిటంటే, లైసెన్సు చేతికొచ్చిన కుర్రవాడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, వెయ్యి గంటలు కావాలంటారు. ఆ వెయ్యి గంటలు తన డబ్బుతో ఎగరలేడు. ఇంకొకరి డబ్బుతో ఎగరాలంటే ఉన్న దారి బోధకుడు కావడం. నిన్నటి విద్యార్థి ఇవాళ్టి గురువు. అతనికీ అప్పుంది. 2008 ఫిబ్రవరిలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద అమెరికన్ స్కూలు దివాలా తీసినప్పుడు, ముందే అప్పు తెచ్చి ఫీజు కట్టేసిన విద్యార్థులు బండీ లేక లైసెన్సూ లేక వీధిన పడ్డారు. పాఠాలు చెప్పుకుంటూ గంటలు కూడబెట్టుకుంటున్న కుర్ర పైలట్లకూ ఆ రోజుతో పని పోయింది.

పైగా కొత్తగా నేర్చుకున్నవాడికి, తెలియకపోవడం ఎట్లా ఉంటుందో ఇంకా గుర్తుంటుంది. మా దగ్గర కూడా ముప్పై ఏళ్లు నడిపిన డ్రైవర్ కంటే రెండేళ్లవాడు చెప్తేనే కొందరికి బాగా ఎక్కేది. పెద్దాయనకు క్లచ్ గురించి చెప్పడానికి మాటలుండవు, కాలికి తెలుసంతే. అనుభవం ఉంటే నేర్పడం దానంతటదే వస్తుందని నేను ఎన్నడూ అనను. అరిచే పెద్దలను కూడా చూశాను. వాళ్ల పక్కన కూర్చున్న కుర్రాడు రోడ్డు వైపు చూడటం మానేసి ఆయన ముఖం వైపు చూస్తుంటాడు.

కావలిలో నాకొక మిత్రుడున్నాడు, నేవీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. అరక్కోణంలోని నావికాదళ స్థావరం ఐఎన్ఎస్ రాజాలిలో హెలికాప్టర్ శిక్షణను దగ్గర్నుంచి చూసినవాడు. ఆయన నా వాదన మొత్తం విని, "డబ్బులు తీసుకుని నేర్పే చోట ఇట్టాగే ఉంటుందబ్బా" అని తేల్చేశాడు. సైన్యంలో పైలట్ అయినంత మాత్రాన బోధకుడు కాలేడు. తాంబరంలో బోధకుల కోసమే ఒక స్కూలుంది. ఎగరడం ముందే వచ్చినవాళ్లకు అక్కడ నేర్పడం నేర్పుతారు. గంటకింత అని జీతం మారదు కాబట్టి వాతావరణం బాగాలేని రోజు నేల మీద కూర్చుని పాఠం చెప్పినా ఎవరికీ నష్టం లేదు.

ఆయన మాట ఒప్పుకుంటాను. కాకపోతే అక్కడ రానివాణ్ణి మధ్యలో ఇంటికి పంపేస్తారు. డబ్బు కట్టిన స్కూలు ఎవరినీ పంపదు, ఇంకో పది గంటలు తీసుకోమంటుంది. ఉలవపాడు కుర్రాడికి రెండో చోట బతికే అవకాశం కొంచెం ఎక్కువ. మంచికో చెడుకో.

నల్లమల, కైకలూరు

మన తెలుగువాళ్లకు హెలికాప్టర్ అనగానే గుర్తొచ్చే రెండు రోజులున్నాయి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర చేపల చెరువులో లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి హెలికాప్టర్ పడింది. 2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి గారి బెల్ 430 నల్లమలలో కూలింది. ఆ రాత్రంతా మా గిద్దలూరు, మార్కాపురం వైపు జనం నిద్రపోలేదు. 2021 డిసెంబరులో కూనూరు దగ్గర జనరల్ రావత్ గారి ప్రమాదం మూడోది. మబ్బుల్లో చిక్కి దిక్కు తెలియని స్థితిలో కొండను తాకిందని విచారణలో తేలింది.

ఈ మూడింటిలో పైలట్లు కొత్తవాళ్లు కారు. అయితే నా వాదనకు ఇవి అడ్డం కదా? అంత అనుభవం ఉన్నవాళ్లకే తప్పనిది, మొదటి గురువు బాగా చెప్పినంత మాత్రాన తప్పుతుందా? దీని మీద చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. చనిపోయినవాళ్ల గురించి వాళ్లకేదో రాదని రాయడం నాకిష్టం లేదు, ఆ అర్హతా లేదు. కానీ నల్లమల విచారణ నివేదికలో ఒక్క సంగతి వదిలిపెట్టలేను. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ హెచ్చరిక ఒకటి వెలిగితే, చెడ్డ వాతావరణంలో కీలకమైన కొన్ని నిమిషాలు దాని చుట్టూనే గడిచాయి. సమస్య వచ్చినప్పుడు ముందు ఎగరడం, తర్వాత మిగతావి అన్న వరస మనిషికి పుస్తకంలోంచి రాదు. చేతులు నిండా పనున్నప్పుడు పక్కనుంచి ఎవరో కావాలని గందరగోళపెట్టి, దిగాక "అప్పుడు నీ చూపు ఎక్కడుంది?" అని అడిగితే వస్తుంది.

1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 20 మంది పైలట్లతో ఒక పరీక్ష చేశారు. విమానాల మీదే, హెలికాప్టర్ల మీద కాదు. పరికరాలు చూసి నడపడం రానివాళ్లను మబ్బులో ఉన్న పరిస్థితిలో పెట్టి చూస్తే, సగటున 178 సెకన్లలో అదుపు తప్పారు. నేర్పవలసింది ఆ 178 సెకన్లలో ఏం చేయాలన్నది కొంత. వాటి దాకా పోకుండా వెనక్కి తిరగడం చాలావరకు.

తిరగడం నేర్పడం అన్నిటికంటే కష్టం. మన దగ్గర హెలికాప్టర్ ఎక్కేది ఎవరు? ఎన్నికలప్పుడు హైస్కూలు గ్రౌండులో సున్నంతో గుండ్రం గీసి, దుమ్ము లేవకుండా ట్యాంకర్‌తో నీళ్లు కొట్టించి, పదివేల మందిని ఎండలో నిలబెట్టి ఎదురుచూసే సభలకు వచ్చేవాళ్లు. వెనక సీట్లో నాయకుడు, కింద జనం. పైలట్ "ఈ మబ్బులో రాలేను సార్" అనాలి. ముత్తుకూరు, ఇస్కపల్లి వైపు మంచు పట్టిన పొద్దున పైనుంచి చూస్తే రొయ్యల చెరువేదో చదును నేలేదో పోల్చుకోవడం కష్టం. నిశ్చలంగా ఉన్న నీటి మీద ఎత్తు కంటికి అందదు. అలాంటి పొద్దున కాదనే ధైర్యం 150 గంటల్లో ఏ గడిలో రాసి ఉంటుంది?

మా వాడికి అది దొరికింది, ఒక్కసారి. మూడో బోధకుడు, వాడు బండి చుట్టూ తనిఖీ పూర్తిచేసి హెడ్‌సెట్ పెట్టుకోబోతుంటే, వచ్చి పక్కన నిలబడి విండ్‌సాక్ (గాలి ఎటు వీస్తుందో చూపే గుడ్డ గొట్టం) చూపించాడట. "ఎగురుదామా?" అన్నాడు. వీడికి ఎగరాలని ఉంది, సోలోకు (బోధకుడు లేకుండా ఒంటరిగా ఎగరడానికి) దగ్గరపడ్డాడు. "పర్లేదు సార్" అన్నాడు. ఆయన సరేనని గానీ కాదని గానీ అనలేదు. ఇద్దరూ ఇంధనం షెడ్డు నీడలో కూర్చున్నారు. కాసేపటికి విండ్‌సాక్ ఇటునుంచి అటు తిరిగి నిలువునా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు వీడే లేచి "వద్దు సార్" అన్నాడు. ఆయన ఆ పూటకు ఎగరడం లేదని రాసేసి, మిగతా టైమంతా గాలి గురించే చెప్పాడు.

ఆ పూట మీటర్ తిరగలేదు. ఆయనకు ఆ పూట జీతం లేదు. లాగ్‌బుక్‌లో ఆ రోజు గడే లేదు. నా దృష్టిలో మా బావ అమ్మిన తోటలో పెద్ద చెట్టు ఖరీదు ఆ పూటకు పోయినా గిట్టుబాటే.

స్కూలుకు ఫోన్ చేసేవాళ్లకు

మా వాణ్ణి చూసి ఒంగోలు నుంచి ఒకరు, సింగరాయకొండ నుంచి ఒకరు నాకు ఫోన్లు చేశారు. ఏ స్కూలు మంచిదని. నాకు తెలియదు. గంట రేటు, బండ్ల సంఖ్య అడగొద్దని మాత్రం చెప్పాను, అవి వాళ్లే చెప్తారు. మీ బోధకులు సగటున ఎన్నాళ్లు ఉంటున్నారని అడగండి. పిల్లవాడికి నేర్పుతున్నవాడు మధ్యలో పోతే కొత్తాయన చూసుకునే గంటల ఖర్చు ఎవరిదో అడగండి. ఎగరకముందు, దిగాక ఎంతసేపు మాట్లాడతారు, ఆ మాట్లాడినదానికి బోధకుడికి జీతముందా అని తప్పకుండా అడగండి. జీతముందంటే, గంట రేటు పది డాలర్లు ఎక్కువైనా ఆ స్కూలే చవక. వీలైతే అక్కడ చదువుతున్న ఎవరి లాగ్‌బుక్కో నాలుగు పేజీలు ఫోటో తీసి పంపమనండి. రిమార్కుల గడి చూస్తే చాలు.

ఇక మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ. మా వాడికి కమర్షియల్ వచ్చేసింది, బోధకుడి పరీక్షా అయింది. వీసా వీలున్నన్నాళ్లు అక్కడే ఉండి నేర్పమని అదే స్కూలు అడిగింది. అంటే నేను ఇంతసేపూ రాసిన ఆ రెండొందల గంటల కుర్ర బోధకుడు ఇప్పుడు మా చెల్లెలి కొడుకే. మా బావ ఎగిరి గంతేశాడు. వాడు నన్ను అడిగితే, వాళ్లను ముందు ఒక్క సంగతి కనుక్కోమన్నాను. నేల మీద కూర్చుని చెప్పే గంటకు జీతం ఇస్తారా? అడిగాడట. విద్యార్థి దగ్గర వసూలు చేసుకోగలిగితే ఇస్తామన్నారట.

"స్టూడెంట్‌ని అడగబుద్ధి కాదు మామా, వాళ్ల నాయన కూడా ఏదో అమ్మే ఉంటాడు" అన్నాడు. అయితే ఊరికే చెప్పు అన్నాను. ఊరికే చెప్తే నెలకు ఎన్ని గంటలు తగ్గుతాయో, వెయ్యి ఎప్పటికి పూర్తవుతాయో లెక్క వేసి పంపాడు. లెక్క తప్పేం లేదు. వాళ్లకింకా జవాబివ్వలేదు. మా బావ మాత్రం రోజూ ఫోన్ చేసి చేరిపొమ్మంటున్నాడు.